వానపాము తాత దిగని నేల

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. దాని నడుమ ఇల్లూ ఇల్లూ ఒరుసుకునే పెద్ద బస్తీ. ఆ బస్తీలో ప్రతి ఇంటివాళ్ళూ పంట చేతికి రాగానే బుట్టెడు గింజలు తెచ్చి ఊరి గాదెలో పోసేవాళ్ళు. అది అందరి సొత్తు. దానికి కాపలా ఎలుగుబంటి మాణిక్యమ్మ. మనసు మంచిదే. కానీ గాదె నిండుగా ఉంటే చాలు, తన కడుపు నిండినట్టే. అందులోంచి పిడికెడు తీయమంటే ప్రాణం పోయినట్టుండేది!

ఒకరోజు కుందేలు సుందరి పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది.

"అత్తా, మేముండే గుట్ట మీద చెట్టన్నది లేదు. నిన్న గద్ద వచ్చి మా చిన్నదాని వీపు గీరేసింది. ఊరి మధ్య కోతుల అద్దకం కార్ఖానా స్థలం ఖాళీగానే ఉంది కదా. గాదె గింజలిచ్చి దాన్ని బాగుచేయించవూ?"

ఆ స్థలం సంగతి అందరికీ తెలిసిందే. కోతులు అక్కడ ఏళ్ళ తరబడి బట్టలకు రంగులద్దాయి. రంగుల మడ్డంతా నేలలోకి ఒంపి, కొండ దాటి వెళ్ళిపోయాయి. అప్పట్నుంచి అక్కడ గడ్డిపరక మొలవలేదు.

"పాడుచేసిన కోతుల్నే బాగుచేయమను!" అంది మాణిక్యమ్మ.

"అవి ఎక్కడున్నాయో ఎవరికి తెలుసత్తా? అవి వచ్చేదాకా గద్ద ఊరుకుంటుందా?"

మాణిక్యమ్మ ఇరకాటంలో పడింది. పిల్లను చూస్తే జాలి, గాదెను చూస్తే దిగులు. చివరికి చవకలో తేల్చేద్దామనుకుంది. ఏటి ఒడ్డు నుంచి కాస్త ఎర్రమట్టి తెప్పించి ఆ నేల మీద పోయించింది.

ఆ బస్తీలో ఒక ఆచారం ఉంది. ఎవరు బొరియ తవ్వాలన్నా ముందు వానపాము తాత ఆ మట్టిలోకి దిగి చూడాలి. తాత సరేనంటేనే ఇల్లు. తాత ఇక్కడా దిగాడు. కాసేపటికే దగ్గుతూ పైకొచ్చేశాడు.

"పైనంతా బాగుందమ్మా. కింద మడ్డి అలాగే ఉంది. ఒళ్ళు మండిపోతోంది!"

మాణిక్యమ్మ ఇంకో పొర మట్టి పోయించి గరిక నాటించింది. తాత మళ్ళీ దిగాడు. మళ్ళీ దగ్గుతూ వచ్చాడు.

మూడోసారి ఇంకాస్త మట్టి పోయించి, మామిడాకుల తోరణం కూడా కట్టించింది. తాతను మాత్రం పిలవలేదు. పిలిస్తే ఏమంటాడో తెలుసు మరి!

సుందరి సంబరంగా వచ్చింది. వీపు గీరుకుపోయిన చిన్నది అందరికంటే ముందు ఉరికి, ముందుకాళ్ళతో మట్టి గీకడం మొదలుపెట్టింది.

"తాత ఏడీ అత్తా?" అని సుందరి చుట్టూ చూసింది. "అయినా నువ్వు చూపించే ఉంటావులే. మాకు నీ మాట చాలు."

ఆ మాట వినగానే మాణిక్యమ్మ ఒక్క ఉరుకున పిల్ల దగ్గరికి వచ్చింది.

"ఆగండి! దిగకండర్రా!" అని అరిచి పిల్లను ఎత్తేసుకుంది. "తప్పు నాదే తల్లీ. గింజలు మిగుల్చుకుందామని మీ పిల్లల్ని విషంలోకి పంపబోయాను. పదండి, గాదె తెరుస్తాను."

అడవిపంది కొండయ్యకు ఒళ్ళు మండింది. "నా గింజలు పోసి కుందేళ్ళకు ఇల్లు కట్టిస్తావా?"

"బావినీళ్ళు చేదంటూ రోజూ గోల పెడతావుగా కొండయ్యా! ఆ మడ్డే నీ బావిలోకీ ఊరుతోంది," అంది మాణిక్యమ్మ.

మర్నాడు అందరికంటే ముందొచ్చి కోరలతో తవ్వడం మొదలుపెట్టింది కొండయ్యే.

మడ్డి పట్టిన మట్టినంతా అడుగుదాకా తవ్వారు. ఊరికి దూరంగా రాతిగుంటలో పోసి, పైన బంకమట్టితో గట్టిగా మూసేశారు. గుంతలో కొత్తమట్టి నింపారు. పనిచేసిన వాళ్ళందరికీ గాదె నుంచే కూలి. గాదె సగానికి దిగిపోయింది. మాణిక్యమ్మ తొంగి చూసి ఉసూరుమనేది, ఆ వెంటనే ఇంకో బుట్ట నింపి ఇచ్చేది.

వానలు వెలిశాక తాత మళ్ళీ దిగాడు. ఎంతసేపటికీ పైకి రాలేదు. అందరికీ భయమేసింది.

"తాతా! ఓ తాతా!" అని మాణిక్యమ్మ నేలకు చెవి ఆనించి పిలిచింది.

"ఎందుకే ఆ కేకలు?" అని లోపల్నుంచి విసుక్కున్నాడు తాత. "చల్లగా, హాయిగా ఉంది. నేనిక్కడే కాపురం పెట్టేశాను. పిల్లల్ని పంపు!"

మాణిక్యమ్మకు కళ్ళనీళ్ళొచ్చాయి, నవ్వూ వచ్చింది. ఆ మరుసటి పంటకు గాదెకు అందరికంటే ముందు చేరింది, ఆ నేలలో పండిన గింజలతో సుందరి వాళ్ళు నింపిన బుట్టే. దాన్ని ఈడ్చుకొచ్చింది ఎవరనుకున్నారు? ఆ చిన్నదే!

నీతి: పాడైన నేలను పైపైన కప్పితే సరిపోదు; అందరి సొమ్ముతో అడుగుదాకా బాగుచేస్తే అది మళ్ళీ అందరికీ అన్నం పెడుతుంది.