ఒంటికొమ్ము మద్ది

పూర్వం గుండ్లకమ్మ తీరాన, బసవభూపతి అనే దొర ఏలుబడిలో, అంకాలమ్మ తల్లి తిరునాళ్లకు ఏటేటా బండలాగుడు పందెం మహావైభవంగా జరిగేది. గుడి ముందు పిడుగుపాటుకు మోడులై నిలిచిన మద్దిమానుల మీద, గెలిచిన ఎడ్లజతను ఊరందరూ చూసేలా చెక్కించడం అక్కడి ఆచారం. ఆ పని తరతరాలుగా వడ్రంగి చెన్నాచారి వంశానిది. ఎంత చక్కగా కుదిరినా కన్ను తెరవనిదే బొమ్మ వట్టి కొయ్యేననీ, కన్ను తెరవడమంటే సాక్ష్యం చెప్పడమేననీ, దొంగసాక్ష్యం చెప్పిన ఇంట ఉలి నిలవదనీ ఆయన తండ్రి అవసానకాలంలో చెప్పి వెళ్లాడు.

ఆ ఏడు దొరగారికి తన ఎడ్ల మీద ఎక్కడలేని ధీమా. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పందేనికి నెల ముందే తన జతను మాను మీద చెక్కమని ఆజ్ఞాపించాడు. కాదనే ధైర్యం చాలక చెన్నాచారి బారెడేసి కొమ్ములతో వాటిని చెక్కి, కన్నులు మాత్రం తెరవకుండా మిగిల్చాడు. చేసిన తప్పు ఆయన గుండెలో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

పందెం రోజు రానే వచ్చింది. దొరగారి ఎడ్లు నూరు బారలు లాగి ఇసుకలో చతికిలబడ్డాయి. ఆఖరున కుమ్మరి గురవమ్మ, మట్టి మోసే తన ఎడ్లను తోలుకొచ్చింది. ఎడమపక్క కట్టే దాపటి ఎద్దుకు ఒక్కటే కొమ్ము. చూసి నవ్వనివాడు లేడు. ఆమె వాటి వీపులు నిమిరి, చెర్నాకోల అవతల పారేసి, అదిలించింది. అంతే, బండ కదిలింది! డప్పులు హోరెత్తాయి, దుమ్ము ఆకాశాన్నంటింది, నవ్విన నోళ్లే గొంతు చించుకుని కేకలు పెట్టాయి. చెన్నాచారి వయసు మరిచి బండ వెంట పరుగెత్తాడు. నూరు బారల గుర్తు దాటి మరో ఇరవై బారలు పోయాకగాని ఆ ఎడ్లు ఆగలేదు.

దొర ముఖం మాడిపోయింది. అయినా పట్టు విడవక, చెక్కిన బొమ్మ ఉండనే ఉందనీ, ఇప్పుడే కన్నులు తెరవకపోతే మాన్యం వదిలి పొలిమేర దాటవలసిందేననీ శాసించాడు. చెన్నాచారి తన ఉలి తీసి అమ్మవారి గడప మీద పెట్టాడు.

"దొరా, నెల కిందట ఒక తప్పు చేశాను. గెలవనిదానికి కన్ను తెరిచి ఇంకోటి చెయ్యలేను. నేను పోతాను."

ఆ మాట ముగిసిందో లేదో ఫెళ్లున శబ్దం. గాలి లేదు, ఎవరి చేయీ తగల్లేదు. మాను మీది దాపటి ఎద్దు కొమ్ము మొదలంటా విరిగి గురవమ్మ పాదాల ముందు పడింది. ఏళ్లనాటి ఎండుమానులోంచి, విరిగినచోట ఎర్రని జిగురు ఉబికింది. జనం చేతులెత్తి మొక్కారు. బసవభూపతి నిలువుగుడ్లు వేసుకుని చూసి, తన తలపాగా విప్పి గురవమ్మ ఎద్దు ఒంటికొమ్ముకు చుట్టాడు. ఉలి స్వయంగా తెచ్చి చెన్నాచారి చేతిలో పెట్టి, ఇక కన్ను తెరవమని వేడుకున్నాడు.

నాటినుండి ఆ స్థలానికి ఒంటికొమ్ము మద్ది అనే పేరు వచ్చింది. జిగురుచార ఈనాటికీ కనిపిస్తుంది. బండ ఆగనిదే అక్కడ ఏ వడ్రంగీ మాను మీద ఉలి పెట్టడు. నిండుకొమ్ముల ఎడ్ల బొమ్మలు ఆ వరుసలో ఎన్నున్నా, పందెం రైతులు తమ జతలను తెల్లవారుతూనే తోలుకొచ్చి నిలబెట్టేది మాత్రం ఆ ఒంటికొమ్ముదాని కళ్ల ముందే.