పెంటయ్య తొవ్వ

ఊఁ కొట్టేవాళ్లు ఊఁ కొట్టండి, పళ్లు కొరికేవాళ్లు పళ్లు కొరకండి. ఇది నవ్వుకోడానికి చెప్పే కథ కాదు.

మన తాతల తాతలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. మూడు ఊళ్ల నడుమ ఒక అడవి. అడవి అంచున ఒక గుడిసె. ఆ గుడిసెలో ఎల్లవ్వ, ఆమె మొగుడు పెంటయ్య. వాళ్లకు పొలం లేదు, గొడ్డూ లేదు. ఉన్నదల్లా ఒక డప్పు.

వేట రోజున మూడు ఊళ్ల డప్పులూ అడవిలోకి దిగేవి. మంటకు కాచిన డప్పు మోగితే గుట్ట వెనక పడుకున్న దుప్పి కూడా లేచి పరుగెత్తేది. అయితే ఒక కట్టుబాటు ఉండేది. మూడు దిక్కుల డప్పు, నాలుగో దిక్కు తొవ్వ. చూలుతో ఉన్నదీ పిల్లతో ఉన్నదీ ఆ దారిన పోవాలి. అటు ఎవరూ అడ్డం నిలబడరు, ఎవరూ బాణం వేయరు. ఆ తొవ్వ పక్కన నిలబడి, మగది వస్తే మళ్లగొట్టడం, తల్లి వస్తే డప్పు ఆపేయడం పెంటయ్య పని. వాళ్ల నాయన పనీ అదే. వెనకాలే నీళ్ల కుండతో ఎల్లవ్వ నడిచేది.

ఇట్లా ఉండగా, ఈ అడవి మొహం ఒక్కసారైనా చూడని రాజొకడు, కోటలో కూర్చుని దాన్ని ఒక దొరకు వేట గుత్తకిచ్చేశాడు. గాలిని గుత్తకివ్వలేదు, అదే నయం. గుత్త దొర వస్తూ వస్తూ ఒక బందూకునూ ఒక జమేదారునూ వెంటబెట్టుకొచ్చాడు. "ఈ అడవిలో ఈక రాలినా అది నాదే" అని ఊరూరా చాటించాడు. ఆ చాటింపు డప్పు కూడా పెంటయ్య చేతే కొట్టించాడు.

కొన్నాళ్లకు దుప్పులు తగ్గాయి. పొదల్లో ఉచ్చులు కనపడ్డాయి, గడ్డి మీద నెత్తురు కనపడింది. దొర మండిపడ్డాడు.

"ఎవడో దొంగవేట ఆడుతున్నాడు!"

"ఎవడో ఏంది దొరా, ఆ డప్పులోడే. తొవ్వ ఇడిసేది వాడే గద" అన్నాడు జమేదారు.

ఆ తర్వాత మొదటి వేటలో, తొవ్వ వెంట ఒక దుప్పి పోవడం దొర కళ్లారా చూశాడు. "ఆ దిక్కు మూసెయ్" అన్నాడు.

"సూలుది దొరా. మూడు దిక్కుల డప్పు, నాలుగో దిక్కు తొవ్వ" అన్నాడు పెంటయ్య.

దొర అతని చెంప పగలగొట్టాడు.

రెండో వేటలోనూ దొర మూసెయ్ అన్నాడు, పెంటయ్య అదే మాట అన్నాడు. ఈసారి దొర గుడిసె సోదా చేయించాడు. గంజికుండ బోర్లించారు, చాప దులిపారు, పొయ్యిలో బూడిద కెలికారు. మాంసం తునక దొరకలేదు. దొరకనందుకు జమేదారు పొయ్యిని తన్ని పోయాడు. ఎల్లవ్వ కోపమంతా మొగుడి మీద విరుచుకుపడింది.

"మూసెయ్యరాదయ్యా! దుప్పులు నీకు సుట్టాలా?"

"నువ్వే కడుపుతోని ఉంటె, ఎవడన్న తొవ్వకడ్డం నిలవడితె నేను ఊకుందునా?"

అయినా ఆమె కోపం పోలేదు.

మూడో వేట. జమేదారు గోనెపట్టా కప్పిన తన బండిని తొవ్వకు దగ్గర్లోనే ఆపాడు. దొర జమేదారు చేతికి బందూకిచ్చి తొవ్వ పక్క పొదలో కూర్చోబెట్టాడు. "అందులోకి ఎవడు అడుగు పెట్టినా దొంగే. కాల్చు" అన్నాడు. ఈ సంగతి పెంటయ్యకు చెప్పలేదు.

డప్పులు మోగాయి. ఒక దుప్పి బయటికొచ్చింది. నిండు చూలుది. పరుగెత్తలేక నడుస్తూ తొవ్వకేసి వచ్చింది. పెంటయ్య డప్పు ఆపాడు. అప్పుడే పొదలో బందూకు గొట్టం అతనికి కనపడింది. ఎల్లవ్వకూ కనపడింది.

"వద్దయ్యో!" అని ఆమె అరిచింది.

పెంటయ్య తొవ్వలోకి దూకాడు. "సూలుది! కొట్టకు!" అంటూ దుప్పికి అడ్డం నిలబడ్డాడు. బందూకు పేలింది. గుండు డప్పులోంచి దూరి గుండెలో దిగింది. దుప్పి వెళ్లిపోయింది.

పేలుడు విని మూడు ఊళ్లవాళ్లూ చేరారు. దొర వచ్చి చూసి, "దొంగ దొరికాడు" అన్నాడు.

మొగుడి తల ఒడిలో పెట్టుకున్న ఎల్లవ్వ కళ్లెత్తింది.

"దొంగంటివి. కత్తేది?"

కత్తి లేదు.

"ఉచ్చేది?"

ఉచ్చు లేదు.

"మాంసమేది?"

మాంసమూ లేదు.

"ఈయన మీద కప్పనీకె గుడ్డన్న లేదు గదరా మీకు" అంటూ ఆమె లేచి, పక్కనున్న జమేదారు బండి మీది గోనెపట్టా పట్టి లాగింది. జమేదారు "ఆగాగు" అని ఉరికొచ్చేలోపే పట్టా ఊడొచ్చింది. కింద ఉప్పు రాసిన దుప్పితోళ్లు. తోళ్ల కింద ఉచ్చుల తాళ్లు. వేట అయ్యాక అటునుంచి అటే సంతకు తోలుకుపోదామనుకున్నాడు, దొంగ వెధవ. మూడు ఊళ్లవాళ్లూ చూశారు. దొరా చూశాడు.

చూసి ఏం చేశాడనుకున్నారు? జమేదారును కట్టేశాడా? ఛీ! "అయిందేదో అయింది. ఈమెకు కుంచెడు జొన్నలు కొలిచియ్యండి" అన్నాడు. మనిషి ప్రాణానికి కుంచెడు జొన్నలు! ఆ మాట చెప్తుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఎల్లవ్వ ఏడవలేదు. చిల్లిపడ్డ డప్పు భుజాన వేసుకుంది.

"నీ జొన్నలు నువ్వే బుక్కు. ఇగ నీకు డప్పు మోగది" అంది.

మళ్లీ వేటకు కబురొచ్చింది. మూడు ఊళ్లవాళ్లూ డప్పులతో వచ్చారు. అన్నీ నీళ్లలో నానబెట్టిన డప్పులే. ఎంత కొట్టినా తడిగోడను తట్టినట్టే చప్పుడు. ఒక్క కుందేలైనా లేవలేదు.

"డప్పులు కాచండ్రా!" అని దొర మంచె మీంచి అరిచాడు.

"నిప్పు లేదు దొరా" అంది మొదటి ఊరు.

"గడ్డి లేదు దొరా" అంది రెండో ఊరు.

మూడో ఊరివాళ్ల నడుమ నుంచి ఎల్లవ్వ ముందుకొచ్చింది. చిల్లిపడ్డ డప్పు పైకెత్తి చూపించింది.

"కొట్టే చెయ్యి లేదు దొరా."

ఆ తర్వాత వచ్చిన వేటలూ అట్లాగే పోయాయి. దొర గుత్త వదులుకుని వెళ్లిపోయాడు. జమేదారు అంతకుముందే పారిపోయాడు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేవు. గుర్తు పెట్టుకోవాల్సిన పనీ లేదు.

ఇప్పుడక్కడ అడవి లేదు, అన్నీ జొన్న చేలే. కోతనాడు మూడు దిక్కుల నుంచి కోసుకుంటూ వస్తారు, నాలుగో దిక్కు వదిలేస్తారు. కుందేళ్లూ, పిల్లల్ని వెంటేసుకున్న కౌజుపిట్టలూ అటు పోతాయి. అందరిలోకి పెద్ద ముసలమ్మ కొడవలితో పళ్లెం మీద మూడుసార్లు కొట్టి, "పెంటయ్య తొవ్వ, పోవే తల్లీ పో" అంటుంది. తెలియక ఎవరైనా అటు అడ్డం నిలబడితే చేను చేనంతా ఒక్కసారిగా లేస్తుంది.

"ఏందిరా, దొరవా నువ్వు? జరుగు!"

అంతకు మించిన తిట్టు ఆ మూడు ఊళ్లలో లేదు.