మూత లేని రేడియో

ప్రభుదాసుకు మూడు రోజులుగా మనసు మనసులో లేదు.

చవక రకం లినక్స్ ఫోన్లకు బార్‌కోడ్ చదవడం నేర్పి, చీరాలలో నాలుగు చిన్న కిరాణా కొట్లలో పెట్టాడు. సబ్బో బిస్కెట్ ప్యాకెట్టో ముందు పెడితే చాలు, కీచుమని కూసి పేరు చూపిస్తాయి. దాంతో బజారంతా అతని పేరే. మనిషి కూడా రెండంగుళాలు పెరిగినట్టే నడుస్తున్నాడు.

అంతలో వేటపాలెంలో ఫోన్లు బాగుచేసే నాగమణి వచ్చింది. "అన్నా, ఎలా చేశావో చూపించవా? మా ఊరి కొట్లలో నేను పెట్టుకుంటాను."

"రేపు చూద్దాంలేమ్మా" అని తప్పించుకున్నాడు. ఆ రేపు మూడు రోజులైంది. చూపించేస్తే ఇక తన గొప్పేముంది?

ఫోను జేబులో వేసుకుని కరీముల్లా గారి దగ్గరికి వెళ్లాడు. ఇరవై ఏళ్ల కిందట తనకు రేడియో పని నేర్పిన ఉస్తాద్ ఆయన. గుమ్మంలోనే కరిగిన సీసం వాసన తగిలింది. ఎంత కాలమైందో ఆ వాసన చూసి!

"ఉస్తాద్, దీన్ని ఎవరూ విప్పి చూడకుండా తాళం వేయాలి. ఏం చేయమంటారు?"

ఆయన ఫోను అందుకుని అగ్గిపెట్టెల కట్ట ముందు పెట్టారు. అది కూసింది. "దీనికీ గొంతుందిరా!" అని పసివాడిలా నవ్వారు. "ఇదంతా నువ్వే చేశావా?"

"లోపలి ప్రోగ్రాం ఎవరెవరో రాసి అందరికీ వదిలేశారు. నేను ఈ చదివే పని జోడించాను, అంతే."

ఆయన లేచారు. అలమర మీది పాత రేడియో దించి వెనక్కి తిప్పారు. వెనక మూత లేదు. లోపల ఒకచోట సీసం ముద్దగా, వికారంగా అంటుకుని ఉంది. ప్రభుదాసు పెట్టిన మొట్టమొదటి అతుకు అది.

"దాసూ, దీని మూత వెతికి పెట్టు."

బల్ల కిందా, డబ్బాల్లో, అటక మీదా వెతికాడు. "కనబడట్లేదు ఉస్తాద్. ఎప్పుడు తీశారు?"

"నువ్వు పనిలో చేరిన రోజు, నీకు లోపల కనబడాలని."

ప్రభుదాసు ఆ సీసం ముద్దను వేలితో తడిమాడు. తర్వాత ఫోను తీసుకుని నాగమణికి కలిపాడు.

"చెల్లీ, రేపు కాదు. ఇప్పుడే కరీముల్లా గారి దగ్గరికి రా."

కరీముల్లా గారు బల్ల దగ్గరికి ఇంకో స్టూలు లాగారు.