ఆకు రాల్చిన జపాన్ మేపుల్

అరకు కొండ మీద ఒక బంగళా, దాని తోటలో ఒక జపాన్ మేపుల్, చలిదేశపు ఎర్రాకుల చెట్టు. తోటమాలి దాన్ని మొన్న తొలకరికే బంగళా తూర్పు గోడ వారన నాటాడు. పొద్దుటెండ తగలాలి, మధ్యాహ్నపు ఎండ పడితే ఆకు మాడుతుందని అతని లెక్క. అప్పట్నుంచి దానికి నీళ్లు మోస్తున్నది ఎద్దు. చెట్టు మొదట్లో బొరియ చేసుకుని మూడు పిల్లల్ని దాచుకున్నది కుందేలు. ఆ సంగతి ఎద్దుకు తెలియదు. నక్క మాత్రం వాసన పట్టింది. కానీ వేళ్ల మధ్య సందులో దాని మూతి పట్టదు. ఇక దానికి కుదురెక్కడిది? రోజుకు పదిసార్లు ఆ గోడ చుట్టూ తిరిగేది.

పుష్యమాసం చలికి చెట్టు ఉన్న ఆకులన్నీ రాల్చేసింది. ఎండిన మొక్కలకు తాడు కట్టి ఎద్దుతో లాగించడం ఆ తోటలో అలవాటు. ఆ రోజు తోటమాలి సంతకెళ్తూ తాడు ఎద్దు మెడకే వదిలేశాడు. నక్క పరుగున వచ్చింది.

"మామా, నీ చెట్టు చచ్చింది."

"అదేంటి అల్లుడూ, నిన్న సాయంత్రం కూడా నీళ్లు పోశానే."

"అదే కొంప ముంచింది. ఎక్కువ పోసి వేళ్లు కుళ్లబెట్టావు. తోటమాలి వస్తే నిన్నే అంటాడు. ఆలోపు లాగి పారేయ్."

ఎద్దు మెడ తిప్పి తాడు వైపు చూసుకుంది. పక్క పొదలోంచి కుందేలు ఇదంతా వింటోంది. పిల్లలున్నాయని చెబితే నక్క అనుమానాన్ని తనే తీర్చినట్టవుతుంది. చెప్పకపోతే పిల్లలు దక్కరు.

"మామా, నేను కొరికి చూశాను, బెరడు పచ్చిగానే ఉంది," అంది ముందుకొచ్చి.

నక్క కొమ్మ చివరి ఎండుపుల్లను పుటుక్కున విరిచి ఎద్దు ముందు పడేసింది. "ఇదా పచ్చి?"

ఎద్దు తల వేలాడేసి చెట్టు వైపు నడిచింది. కుందేలు గొంతు మార్చింది.

"సరే బావా, నీ మాటే నిజం. కానీ తాడు పైన కడితే మాను మధ్యలో విరుగుతుంది, వేళ్లు నేలలోనే ఉండిపోతాయి. అడుగున కట్టాలి, పళ్లతో పట్టి గట్టిగా బిగించాలి. నా వల్ల ఏమవుతుంది, నువ్వైతే సరి."

వేళ్లు ఉండిపోతాయనేసరికి నక్క ప్రాణం ఆగలేదు. తాడు మానుకు చుట్టి, పళ్లతో పట్టి, కాళ్లు తన్నిపెట్టి లాగింది. చాల్లేదనిపించి మళ్లీ లాగింది. తాడు ఒరుసుకుని బెరడు ఊడింది, పళ్ల దాకా తాడు తడిసింది.

"అయింది మామా, ఇక లాగు," అంది ఆయాసపడుతూ.

ఎద్దు కదల్లేదు. నక్క మూతినే చూస్తోంది.

"అల్లుడూ, చచ్చిన చెట్టయితే నీ పళ్లకు ఆ పసరెక్కడిది?"

నక్క నాలుకతో పళ్లు తుడుచుకుంది. ఎద్దు కొమ్ములు వంచింది. ఆ తర్వాత నక్కకు ప్రహరీ గోడ దూకడమొక్కటే మిగిలింది, అదీ తోక మీద ఒక పోటు తిన్నాక.

మాఘం వెళ్లేసరికి చెట్టు ఎర్రగా చిగిర్చింది. దాని కింద మూడు కుందేలు పిల్లలు గంతులేస్తుంటే ఎద్దు నీళ్ల తొట్టి దించి, తాను పీకబోయిందేమిటో అప్పుడు చూసుకుంది.

చెట్టు చచ్చిందని ఎవరైనా తొందరపెడితే, ముందు దాని వేళ్ల కింద వాళ్లకేం కావాలో చూడు.