వీధిపోటు కొట్టు

ఏరు మలుపు తిరిగే చోట రేవుపేట అనే ఊరుంది. ఊరంతా జంతువులే. మనుషులు లేరు కదా, గొడవలేముంటాయనుకునేరు! అక్కడా కొట్లున్నాయి, అద్దెలున్నాయి, కొట్లు కొనిపెట్టి అమ్మిపెట్టే బ్రోకరు కూడా ఉన్నాడు. శేషావతారం అనే నక్క. భుజాన ఉత్తరీయం, బుగ్గన వక్కపొడి, నోరు తెరిస్తే వరసలు. ఎవరింట్లో కష్టమొచ్చినా అందరికంటే ముందు పరామర్శకు వెళ్లేవాడు.

రేవులో పడవ దిగి గట్టెక్కితే రోడ్డు తిన్నగా వెళ్లి ఒక కొట్టు గుమ్మానికి తగులుతుంది. అక్కడి నుంచి కుడికీ ఎడమకీ చీలుతుంది. ఆ కొట్టు కర్రెన్న అనే ఎద్దుది. కాడి మోసి మోసి మెడ చచ్చుబడ్డాక, ఉన్నదంతా ఊడ్చిపెట్టి కొనుక్కున్న చోటది. తవుడు, తెలగపిండి, పలుపుతాళ్లు అమ్మేవాడు. "కొంటే ఇదే కొనాలయ్యా. పడవ దిగినవాళ్ల చూపు ముందు దీనిమీదే పడుతుంది" అని పట్టుబట్టింది అతని భార్య పుల్లమ్మ అనే ఆవు. ఆమె అన్నట్టే గిరాకీకి లోటుండేది కాదు.

ఆ ఏడు వరదల్లో వాళ్ల దూడ రేవులో కాలుజారి ఏట్లో కొట్టుకుపోయింది. ఒక్కగానొక్క బిడ్డ. పుల్లమ్మ మేత మానేసింది. ఏడ్చినా కొంత భారం తగ్గేదేమో, ఆమె ఏడవను కూడా లేదు.

శేషావతారానికి ఆ కొట్టు మీద మొదటినుంచీ కన్నుంది. పరామర్శకు వచ్చాడు, కళ్లొత్తుకున్నాడు, చాలాసేపు కూర్చున్నాడు.

"చెప్పకూడదు గానీ చెల్లెమ్మా, మనసాగక చెబుతున్నా. ఈ కొట్టు కొనేముందు తెలిసినవాళ్లనెవరినైనా అడిగారా?"

"ఏమడగాలండీ?" అన్నాడు కర్రెన్న.

"రేవు రోడ్డు చూడు బావా. తిన్నగా వచ్చి మీ గుమ్మాన్నే పొడుస్తోంది. దాన్ని వీధిపోటంటారు. ఇలాంటి చోట ఉన్నవాళ్లకి సంతానం నిలవదు."

"ఊరుకోండి శేషావతారం గారూ! వానలొచ్చాయి, ఏరు పొంగింది. మధ్యలో కొట్టేం చేసింది?"

"అయ్యో, మీ మేలు కోరి చెప్పాను. ఆపైన మీ ఇష్టం."

నక్క వెళ్లిపోయాక పుల్లమ్మ మెల్లగా అంది. "ఈ కొట్టు కావాలని పట్టుబట్టింది నేనే కదయ్యా."

"వాడి మాటలకేం గానీ, కాస్త గడ్డి తిను."

"నేనే పొట్టన పెట్టుకున్నాను నా బిడ్డని."

కర్రెన్న ఎంత చెప్పినా ఆమె ఆ మాట మీద నుంచి కదల్లేదు. కొట్టు గుమ్మం తొక్కనంది. అటు శేషావతారం ఊరికే కూర్చోలేదు. టీ బడ్డీ నడిపే మేక సూరమ్మ దగ్గర చేరి, వీధిపోటు వల్ల ఏ ఊళ్లో ఎవరెవరు ఏమయ్యారో కథలు కథలుగా చెప్పాడు. సూరమ్మ తన పిల్లల్ని ఆ గుమ్మం ముందు నుంచి పోనివ్వడం మానేసింది. చూసినవాళ్లంతా అదే పని చేశారు. గిరాకీ పడిపోయింది. కర్రెన్న కొట్టు అమ్మకానికి పెడితే అడిగిన నాథుడు లేడు.

"పోనీ నేనే తీసుకుంటాలే బావా. నాకు పిల్లాజెల్లా లేరు, వీధిపోటు నన్నేం చేస్తుంది?" అని నక్క సగం ధరకి రాయించుకున్నాడు. ఒక తల్లి దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని బేరమాడినవాడు! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కర్రెన్న వెనక సందులో ఒక చీకటి గది అద్దెకు తీసుకున్నాడు. గోడల చెమ్మకి తవుడు బూజు పట్టేది. అదైనా భరించేవాడేమో. పుల్లమ్మ డొక్కలు లోపలికి పోయాయి, ఎముకలు తేలాయి. బిడ్డ పోయాడు, ఇక ఈమె కూడా దక్కదేమోనని అతని బెంగ.

శేషావతారం మాత్రం కొట్టుకి రంగులు వేయించి 'అద్దెకివ్వబడును' అని బోర్డు కట్టాడు. ఎవరూ రాలేదు. అద్దె తగ్గించాడు. అయినా రాలేదు. విసుగెత్తి తనే కిరాణా పెడితే బోణీ కాలేదు, పప్పులు పురుగు పట్టాయి.

"రండి పందిగారూ, మంచి కందిపప్పు!"

"వద్దండీ బాబూ, పిల్లలు గలవాణ్ణి. మీరు చెప్పబట్టే కదా తెలిసింది" అని పంది రోడ్డు అవతల నుంచే వెళ్లిపోయేవాడు.

చివరికి అవతలి గట్టు నుంచి భీమన్న అనే ఎలుగుబంటి తేనె కొట్టు పెట్టడానికి చోటు కొనుక్కుందామని వెతుక్కుంటూ వచ్చాడు. కొట్టంతా తిరిగి చూశాడు.

"చోటు బాగుంది. కానీ వీధిపోటని పడవలో ఎవరో అంటున్నారే?"

"అవన్నీ పిచ్చి నమ్మకాలండీ!" అని నక్క నవ్వాడు.

టీ కలుపుతున్న సూరమ్మ చెయ్యి ఆగింది. "అదేంటి శేషావతారం గారూ? ఆ దూడ దీనివల్లే పోయిందని ఈ బడ్డీ దగ్గరే కూర్చుని చెప్పారుగా!"

జనం పోగయ్యారు. భీమన్న ముఖం గంభీరంగా పెట్టాడు. "నేనూ పిల్లలున్నవాణ్ణే. ఏది నిజమో నాకు తేలాలి. నీకమ్మినవాళ్లని పిలిపించు. వాళ్ల ఎదురుగా చెబితే అప్పుడు ఆలోచిస్తాను."

కబురందుకుని కర్రెన్న వచ్చాడు. అతని వెనక పుల్లమ్మ, అడుగులో అడుగేసుకుంటూ. నక్క ఒకసారి వాళ్లని చూశాడు, ఒకసారి భీమన్నని చూశాడు. చేతిదాకా వచ్చిన బేరం పోగొట్టుకోలేకపోయాడు.

"వీధిపోటూ లేదు, పాడూ లేదు. కొట్టు చవగ్గా వస్తుందని అలా అన్నాను. వ్యాపారమన్నాక ఇవన్నీ మామూలేగా!"

అతను నవ్వాడు గానీ ఇంకెవరూ నవ్వలేదు. పుల్లమ్మ ముందుకొచ్చింది.

"అయితే నా బిడ్డ?"

"ఏరు పొంగింది చెల్లెమ్మా, కాలుజారాడు. అంతే."

"నేను ఈ కొట్టు కొనమన్నందుకు కాదా?"

"కాదంటున్నాగా."

"ఇంకోసారి చెప్పు."

"కాదు."

"గట్టిగా చెప్పు. ఊరంతా వినాలి."

నక్క అటూ ఇటూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. "దూడ పోయింది కొట్టు వల్ల కాదు! నీవల్లా కాదు! నేనే అబద్ధమాడాను!" అని అరిచాడు.

పుల్లమ్మ రోడ్డు మీదే కూలబడి, బిడ్డ పోయాక మొదటిసారి బావురుమంది. కర్రెన్న పక్కన కూర్చుని ఆమె మెడ నిమురుతూ ఉండిపోయాడు. ఏడ్చి ఏడ్చి ఆమె తలెత్తింది. "ఇంటికి పదయ్యా, ఆకలేస్తోంది" అంది. ఆ మాటకి ఎద్దు కళ్లల్లో నీళ్లు ఆగలేదు.

"మరి మన బేరమండీ?" అన్నాడు నక్క.

భీమన్న అప్పటికే రేవు వైపు తిరిగాడు. "బిడ్డ పోయిన తల్లితోనే ఆ మాట అన్నవాడివి. నీ దగ్గర గడ్డిపరక కూడా కొనను" అని పడవెక్కాడు.

తర్వాత శేషావతారం ఎంత తిరిగినా ఆ కొట్టు అమ్ముడుపోలేదు. తాను ఇచ్చిన సగం ధరకే తిరిగి తీసుకోమని నక్క కాళ్లావేళ్లా పడితే, పుల్లమ్మ సరేనన్నాకే కర్రెన్న ఒప్పుకున్నాడు. తలుపులు తీసిన రోజున పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి సూరమ్మే బోణీ చేసింది. శేషావతారం చేత కొట్లు కొనిపించుకునేవాళ్లు గానీ, అమ్మించుకునేవాళ్లు గానీ ఆ ఊళ్లో మళ్లీ కనబడలేదు.

పక్కవాడి దుఃఖాన్ని బేరానికి పెట్టినవాడు ఆ తర్వాత నిజం చెప్పినా కొనేవాడుండడు.