నెమరు మానేసిన బుస్సన్న

అనగనగా ఒక అడవిలో, వెదురు పొదలు దాటాక వచ్చే కొండవాగు పక్కన, ఒక అడవిదున్నల మంద ఉండేది. అడవిదున్నను మీరు చూసి ఉండరు. ఒళ్ళంతా నల్లగా ఉంటుంది. మోకాళ్ళ కింద మాత్రం తెల్లగా ఉంటుంది, మేజోళ్ళు తొడుక్కుని బడికి బయల్దేరినట్టు. ఆ మందలో ఒక కుర్ర దున్న ఉన్నాడు. ఎవరేమన్నా ముక్కుతో బుస్సుమంటాడు. అందుకని వాణ్ణి అందరూ బుస్సన్న అనేవాళ్ళు.

వానలు మొదలవగానే ఆ మంద వాగు దాటి అవతలి కొండకు వెళ్ళేది. ఇవతలి గట్టు పల్లం. వాన ముదిరితే అక్కడ బురదే తప్ప గడ్డి దొరకదు. వాగు దాటడానికి వాళ్ళకొక పద్ధతి ఉంది. బలమైన దున్న ఒకడు వాగు మధ్యలో నీటికి అడ్డంగా నిలబడతాడు. నీటి జోరంతా వాడి ఒంటికి తగులుతుంది. వాడి వెనక నీళ్ళు నెమ్మదిస్తాయి. ఆ నెమ్మది నీళ్ళలోంచి దూడలు దాటిపోతాయి. దీన్ని వాళ్ళు అడ్డు నిలవడం అనేవాళ్ళు.

ఇన్నేళ్ళూ అడ్డు నిలిచింది పెద్దకొమ్ముల తాత. కిందటేడు చివరి దూడ దాటేసరికి తాత కాళ్ళు వణికాయి. అందరూ చూశారు.

ఆ ఎండాకాలం బుస్సన్నకు ఒక చెల్లి పుట్టింది. పేరు చిట్టిగిట్ట. మందలోకెల్లా చిన్న దూడ అదే.

"అమ్మా, వాగులో నేను కొట్టుకుపోతే?" అని అడిగింది ఒకరోజు.

"ఎందుకు కొట్టుకుపోతావు? ఈ ఏడు నేను అడ్డు నిలుస్తాను" అన్నాడు బుస్సన్న. అని, బుస్సుమన్నాడు.

తాత వాణ్ణి ఎగాదిగా చూశాడు. "నిలవచ్చులే. కానీ ఆ మెడకీ, ఆ తొడలకీ ఇంకా కండ పట్టాలిరా" అన్నాడు.

"ఎలా పడుతుంది తాతా?"

"ఎలా ఏముంది? కడుపునిండా మెయ్యి. కొండ ఎక్కి దిగు. నీడన పడుకుని నెమరు వెయ్యి."

నెమరంటే తెలుసుగా? ఆవులూ మేకలూ దున్నలూ ముందు గడ్డిని గబగబా మేసి కడుపులో వేసుకుంటాయి. తర్వాత తీరిగ్గా పడుకుని, దాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని మెత్తగా నములుతాయి. ఛీ అనకండి. మీరు చేసే కొన్ని పనులు చూసి అవి కూడా ఛీ అనుకుంటాయి.

తాత సలహా బుస్సన్నకు నచ్చలేదు. అమ్మ చెప్పేదీ అదే, అత్తలు చెప్పేదీ అదే. ఇందులో కొత్తేముంది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. అందుకని వాడు బయటి సలహా కోసం బయల్దేరాడు.

మొదట కొండముచ్చు బావ కనిపించాడు. ఆ చెట్టు మీంచి ఈ చెట్టు మీదికి ఒక్క గంతులో వచ్చాడు.

"బావా, అంత బలం నీకెక్కడిది? ఏం తింటావు?"

"తునికి కాయలు. అదీ పచ్చివే. పండాక తింటే ఏం గొప్ప?" అంటూ కొండముచ్చు బావ కొమ్మ పట్టుకుని ఊపాడు. కాయలు జలజలా రాలాయి.

బుస్సన్న దవడల నిండా కుక్కుకున్నాడు. ఒకటే వగరు. నాలుక వెళ్ళి అంగిలికి అతుక్కుపోయింది. సాయంత్రం దాకా వాడికి బుస్సుమనడానికి కూడా రాలేదు. ఆ పూట మంద ఎంత ప్రశాంతంగా ఉందో అని అత్తలు చెప్పుకుని సంతోషించారు.

మర్నాడు ఎలుగు మామ దగ్గరికి వెళ్ళాడు. మామ భుజాలు చూస్తేనే భయం వేస్తుంది.

"చెదలు, అల్లుడూ. పుట్టలో మూతి పెట్టడం, జుర్రుమని పీల్చడం. అంతే" అన్నాడు మామ.

బుస్సన్న పుట్టలో మూతి పెట్టాడు. జుర్రుమని పీల్చాడు. చెదపురుగులు నోట్లోకి రాలేదు, ముక్కులోకి వెళ్ళాయి. ఇక తుమ్ములు మొదలయ్యాయి. ఆ తుమ్ములకు పుట్ట సగం కూలి గాలికి ఎగిరిపోయింది. "నా నోటి దగ్గర కూడు ఊదేశావు కదరా" అని ఎలుగు మామ వాణ్ణి వాగు దాకా తరిమాడు.

అక్కడ నీళ్ళు తాగుతూ ఏనుగత్త కనిపించింది. అడవిలో ఆవిణ్ణి మించిన బలం ఎవరికుంది?

"అత్తా, నీ బలం రహస్యం చెప్పవూ?"

"రహస్యమేముంది అల్లుడూ? లేవగానే తింటాను. తింటూనే ఉంటాను. మధ్యలో కాసేపు చెట్లు తోస్తాను. మళ్ళీ తింటాను."

"మరి నెమరెప్పుడు వేస్తావు?"

"అదేమిటి?" అంది ఏనుగత్త.

బుస్సన్నకు కళ్ళు తెరుచుకున్నట్టయింది. ఇంత పెద్ద ఏనుగత్తకు నెమరంటేనే తెలియదు. మనమేమో సగం పొద్దు చెట్టుకింద పడుకుని ఊరికే దవడలాడిస్తున్నాం. ఆ సమయంలో కూడా మేస్తే ఎంత కండ పట్టాలి?

ఏనుగత్త అబద్ధం ఆడలేదు పిల్లలూ. ఆవిడ కడుపుకు అది నిజమే. కొండముచ్చు బావ చెప్పిందీ, ఎలుగు మామ చెప్పిందీ కూడా నిజమే. కడుపులే వేరు.

ఆ రోజు నుంచి బుస్సన్న నెమరు మానేశాడు. మేస్తాడు, చెట్లు తోస్తాడు, మళ్ళీ మేస్తాడు. మంద నీడకు చేరితే వాడు ఎండలో మేస్తుంటాడు.

"ఒక్క ఘడియ పడుకోరా నాయనా" అని తల్లి పిలిచేది.

"పడుకుంటే కండ ఎక్కడైనా వస్తుందా అమ్మా?" అనేవాడు.

తల్లి చాలాసార్లు చెప్పి చూసింది. వాడు చాలాసార్లు బుస్సుమన్నాడు.

పొట్ట మాత్రం బాగా పెరిగింది. మీ చిన్న మామయ్య అద్దం ముందు నిలబడి చెయ్యి మడిచి చూసుకుంటాడే, అలా బుస్సన్న మడుగులో తన నీడ చూసుకుని మురిసిపోయేవాడు. మెడ సన్నబడింది, తొడలు సన్నబడ్డాయి. పొట్టనే చూసుకునేవాడికి అవి ఎలా కనిపిస్తాయి?

"చెల్లీ, తట్టి చూడు ఎలా ఉన్నానో" అన్నాడు ఒకరోజు.

చిట్టిగిట్ట మూతితో వాడి పొట్ట తట్టింది. "ధబ్ ధబ్ అని మోగుతోంది అన్నయ్యా" అంది.

"కండంటే అలాగే మోగుతుంది" అన్నాడు వాడు గొప్పగా.

ఉరుములు మొదలయ్యాయి. మంద వాగు దగ్గరికి చేరింది. తాత ఎవరి మాటా వినకుండా తనే వెళ్ళి నీటికి అడ్డు నిలిచాడు. దూడలు ఒక్కొక్కటీ దాటాయి. అంతలో తాత మోకాలు మడతపడింది. పెద్దవాళ్ళు ఆయన్ని అటూ ఇటూ పట్టుకుని అవతలి గట్టుకు చేర్చారు. ఇవతల ముగ్గురే మిగిలారు. తల్లి, బుస్సన్న, చిట్టిగిట్ట.

"నేనున్నాను" అంటూ బుస్సన్న వాగులోకి దిగాడు. అన్నయ్య ఉన్నాడు కదా అని చిట్టిగిట్ట వెనకే దిగింది.

నీళ్ళు మోకాళ్ళు దాటాయి. పొట్టకు తగిలాయి. అప్పుడు అరగని గడ్డీ, గాలీ నిండిన ఆ పొట్ట నీటి మీద తేలింది. సొరకాయ బుర్రను ముంచి చూడండి, నిలుస్తుందా? బుస్సన్న గిట్టలు నేలను వదిలేశాయి. వాడు గిర్రున తిరిగి, వెల్లకిలా పడి, కొట్టుకుపోయాడు.

వెనకున్న చిట్టిగిట్ట మీద నీళ్ళు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. తల్లి దూకింది. దూడకు మెడ అడ్డం పెట్టి, ఎలాగో ఇవతలి గట్టుకు తోసింది. కొట్టుకుపోయిన బుస్సన్న, వాగులోకి కూలిన ఒక మద్దిచెట్టుకు చిక్కుకుని ఆగాడు. అక్కడినుంచి ఇవతలి గట్టుకే కుంటుకుంటూ వచ్చాడు.

చిట్టిగిట్ట వణుకుతూ వాడి వైపు చూసింది. "అన్నయ్యా, నిలబడతానన్నావు కదా" అంది. బుస్సన్నకు సిగ్గుతో ఏడుపొచ్చింది. బుస్సుమందామనుకున్నాడు గానీ రాలేదు.

వాగు పెరిగిపోయింది. మంద అవతల, వీళ్ళు ఇవతల. తల్లి వాణ్ణి తిట్టలేదు. "వాన తెరిపి ఇస్తే వాగు దిగుతుంది. పెద్దవానలు పట్టేలోపు దాటాలి. లేకపోతే చెల్లి ఈ బురదలో బతకదు. నువ్వు ముందు పడుకో" అంది.

వాడు పడుకున్నాడు. కాసేపటికి కడుపులో ఏదో కదిలింది. ఒక్క త్రేన్పు వచ్చింది చూడండి, పిడుగు పడిందనుకుని కొండముచ్చులన్నీ చెట్లు దిగి పరుగెత్తాయి. ఆ తర్వాత గడ్డి నోట్లోకి వచ్చింది. బుస్సన్న నమిలాడు. ఇన్నాళ్ళూ మింగడమే గానీ వాడు దాని రుచి చూడలేదు. గడ్డిలో ఇంత తీపి ఉందా అనుకున్నాడు.

గట్టు మీద గడ్డి రోజురోజుకీ తగ్గుతోంది. వాడికి దొరికింది కొంచెమే. ఆ కొంచెంలో ప్రతి పరకనీ నెమరు వేశాడు. పొద్దున్నే వాగు అంచున దిగి నీటికి ఎదురు నిలిచేవాడు. అలసిపోతే వచ్చి పడుకుని నెమరు వేసేవాడు. చిట్టిగిట్ట కూడా పక్కన పడుకుని, తనకు వచ్చినంతలో దవడలాడించేది. ఎన్నాళ్ళని అడగకండి. మీకు పాలపన్ను ఊడి, కొత్తపన్ను మొలిచేంత కాలం.

పొట్ట తగ్గింది. మెడ బిగిసింది. తొడలు నిండాయి.

ఒక తెరిపి రోజున వాగు కాస్త దిగింది. పడమట నల్లమబ్బు కమ్ముకుంటోంది. అది వచ్చి కురిసిందంటే ఈ ఏడాదికి ఇక దాటే దారి లేదు. "పద" అంది తల్లి. చిట్టిగిట్ట కదల్లేదు.

"ఈసారి నిలబడతావా అన్నయ్యా?"

బుస్సన్న బుస్సుమనలేదు. "తట్టి చూడు" అన్నాడు.

చిట్టిగిట్ట వాడి మెడను మూతితో పొడిచి చూసింది. మూతి నొప్పి పుట్టింది.

"మోగడం లేదేం?"

"కండ మోగదమ్మా" అన్నాడు బుస్సన్న.

వాడు వాగు మధ్యకు వెళ్ళి అడ్డు నిలిచాడు. నీళ్ళు వచ్చి ఒంటిని గుద్దాయి. గిట్టలు ఇసుకలో దిగబడ్డాయే గానీ కదల్లేదు. వాడి వెనక నీళ్ళు నెమ్మదించాయి. ఆ నీళ్ళలోంచి చిట్టిగిట్ట ముక్కు పైకెత్తుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని దాటింది. తర్వాత తల్లి దాటింది. అప్పుడు బుస్సన్న ఒక్కో అడుగూ వేసుకుంటూ గట్టెక్కాడు. తాత పక్కకు జరిగి, నీడలో తన చోటు వాడికిచ్చాడు.

వానలకు ముందే ఇటు దాటి వచ్చి, గట్టున చూస్తున్న ఏనుగత్త, కొండముచ్చు బావ, ఎలుగు మామ దగ్గరికొచ్చారు.

"ఏం తిన్నావు అల్లుడూ? మాకూ చెప్పు" అంది ఏనుగత్త.

"గడ్డే అత్తా."

"ఉత్త గడ్డేనా?"

"ఉత్త గడ్డే. కాకపోతే రెండుసార్లు తిన్నాను" అని బుస్సన్న నీడన పడుకుని నెమరు వెయ్యడం మొదలుపెట్టాడు. పక్కనే చిట్టిగిట్ట కూడా.

నీతి: మింగిందంతా కండ కాదు, అరిగిందే కండ. ఎవరి కడుపు తీరుకు తగ్గట్టు వాళ్ళు తినాలి, పనిచెయ్యాలి, పడుకోవాలి. సరే, కథ వింటూ ఇప్పటిదాకా బుగ్గలో దాచుకున్న ఆ అన్నం ముద్ద కూడా నమిలి మింగండి.