ఇసుక తగిలిన పడవ

రాజుగారి చూపు సముద్రం దాకా ఆనని రోజుల్లో, ఒక రేవుకి దండపాణి అధికారి. "తేలుతున్నంతసేపూ పడవా, అందులో ఉన్నదంతా నడిపేవాళ్లది. ఇసుక తగిలిందా, అంతా నాది!" అని చాటింపు వేయించి ఎందరి పొట్టో కొట్టాడు.

ఒకనాడు ఆటుకి నీరు తీసిన వేళ నూకాలు అనే ఆవిడ సరుకు పడవ ఇసుక దిబ్బ మీద కూరుకుపోయింది. ఆ పడవ పోతే ఆమె బతుకే పోయినట్టు. దండపాణి భటుల్ని ఒడ్డునే వదిలేసి మోకాటిలోతు నీళ్లలో పరుగెత్తుకొచ్చాడు.

"దిగవే! పడవ నాది."

నూకాలు చేతులు కట్టుకుంది. "మీ మాటే శాసనం బాబూ. పైకొచ్చి మీ సరుకు మీరే చూసుకోండి. మేలురకం చింతపండు అడుగునుంది."

ఆశపోతు ఎక్కాడు. ఒక్కో బుట్టా విప్పించి రుచి చూస్తూ కూర్చున్నాడు. నూకాలు ఓపిగ్గా విప్పుతూనే ఉంది. ఈలోగా పోటు తన్నుకొచ్చి పడవ తేలింది. నూకాలు తెరచాప ఎత్తేసింది.

"ఏయ్, ఎక్కడికే?"

"పడవ తేలింది కదా బాబూ! ఇందులో ఉన్నదంతా ఇప్పుడు నాది. మీరూ ఇందులోనే ఉన్నారు."

"నన్ను ఒడ్డున దింపు!"

"అమ్మో, ఒడ్డుకెళ్తే ఇసుక తగిలి పడవ మీదైపోదూ? మీ శాసనం ఉండగా ఎలా దింపేది?"

ఒడ్డున జనం మూగారు. అలల ఊపుకి తిన్న చింతపండంతా గొంతులోకొచ్చింది. దండపాణి రెండు చేతులూ ఎత్తి ఒడ్డుకేసి అరిచాడు. "ఇసుక తగిలినా ఎవరి పడవ వాళ్లదే! అందరూ వినండర్రా!"

నూకాలు చుక్కాని తిప్పింది. పడవ బరబరా ఇసుకెక్కి ఆగింది.

"దిగండి బాబూ," అంది, "నా పడవలోంచి."